నాన్న నోట్లో లవంగం

బెంగళూరు,
2001 జులై

అక్కా,

వందనాలు. అమ్మకు నా బదులు నువ్వొక ముద్దు పెట్టు. పెట్టనివ్వదని తెలుసు, అయినా పెట్టు.

"దోమల మీద చదివినా ఊరికి పనికొచ్చేది, ఈగల మీద చదువేందే?" అని మొన్న ఫోన్లో అమ్మ గాలి తీసేసింది కదా, దానికి జవాబు ఇవాళ రాస్తున్నాను. ఫోనైతే అమ్మ మధ్యలో లాక్కుంటుంది. అందుకే నీ ఆసుపత్రి చిరునామాకు పంపుతున్నాను. నువ్వు చదివి, అమ్మకు అర్థమయ్యేంత చెప్పు.

నువ్వు నర్సువి, నరం గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. నడుము దగ్గర బయల్దేరి కాలి వేలి దాకా పోయే నరంలో ఒక్కో పోగూ ఒకే కణం. అంత పొడుగు కణానికి కావలసిన సరుకంతా తయారయ్యేది ఒక కొసనే. మరి రెండో కొసకు ఎట్లా చేరుతుంది? దానంతట అది చేరాలంటే ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. అందుకని లోపల పట్టాలుంటాయి, వాటి మీద సరుకు మోసే ప్రొటీన్లుంటాయి. మేము మోటార్లంటాం. కైనెసిన్ అనే మోటారుకు రెండు కాళ్ళు, వీపు మీద మూట. నడుస్తుందక్కా, నిజంగా! కొస దాకా మోసుకుపోతుంది. వాడేసిన సరుకును వెనక్కి తెచ్చేది ఇంకోటి, డైనిన్. నువ్వు ఈ ఉత్తరం చదివే ఈ క్షణాన నీ కాళ్ళలో కోట్ల మంది హమాలీలు మూటలు మోస్తున్నారు. ఒక్కరికీ కూలి ఇచ్చిన పాపాన పోలేదు నువ్వు.

నా పనేమిటంటే, కైనెసిన్ చెడిపోయిన ఈగల్ని పెంచడం. గుడ్డులోంచి వచ్చిన తెల్ల పురుగు మొదట బాగానే పాకుతుంది. కొన్నాళ్ళకు దాని నరాల్లో సరుకు దారిలోనే ఆగి, ముద్దలు కట్టి అడ్డం పడుతుంది. తలవైపు బాగానే ఉంటుంది, వెనకభాగం చచ్చుబడుతుంది. పాకేటప్పుడు తోక పైకి ఎగిరిపడుతుంది. మా ల్యాబు పిల్లలు వాటికి 'తాగుబోతులు' అని పేరు పెట్టారు. నేను మాత్రం ఆ మాట అనను. ఎందుకో నీకు తెలుసు.

ఈగలకు మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్టు వేసి గంజి కాచే రామాంజినప్పది దేవనహళ్ళి. నాతో తెలుగు మాట్లాడే మనిషి ఇక్కడ ఆయనొక్కడే. "ఈగలకి గంజి ఉండాది, నీకే ఏమీ లేదు. పోయి తినమ్మా" అని రోజూ తరుముతాడు. కాబట్టి నా తిండి గురించి దిగులు వద్దు.

నీ
రెబెకా

*

రాళ్ళకుంట,
2001 ఆగస్టు

రెబెకా తల్లీ,

నీ హమాలీల సంగతి డ్యూటీ గదిలో చదువుకుని నవ్వుతుంటే ఆయా మారెమ్మ తలుపులోంచి తొంగిచూసి, "ఏంది సిస్టరమ్మా, నీలో నువ్వే నగుతాండావు? పెండ్లి సంబంధమేమన్నా వచ్చెనా?" అంది. ఈ వయసులో సంబంధమా! కాదే, కాళ్ళలో కూలోళ్ళుండారంట అన్నాను. నాకు మతి చలించిందని వార్డంతా చాటింది.

అమ్మకు చెప్పాను. "మరి ఆ పురుగులకి బాగు చేస్తాదా, ఊరికే చూస్తాదా?" అని అడిగింది. దీనికి జవాబు నువ్వే రాసుకో.

మన గుడికి కొత్త పాస్టరు అయ్యగారు వచ్చారు. చిన్న వయసు. మొన్న ఆరాధన అయ్యాక నన్ను ఆపి, "ఇక్కడి ముసలివాళ్ళంతా కీర్తనలు ఒకే బాణీలో పాడుతున్నారు, ఎవరు నేర్పారమ్మా?" అన్నాడు. మా నాన్న సుందరరావు అని చెప్పాను. ఆయన సమాధి చూడాలన్నాడు. సమాధుల తోటలో అందరి మధ్యా వెతుకుతుంటే నేనే చెప్పాల్సి వచ్చింది, అక్కడ లేదు, ముళ్ళ కంప అవతల గోడ మూల ఉందని. ఎందుకన్నాడు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇవ్వకుండా నిలిపేసిన మనిషి, అలాగే పోయాడు కాబట్టి అక్కడ పెట్టారు, గంట కూడా కొట్టలేదు అన్నాను. ఏం తప్పు చేశాడన్నాడు. తాగి గుడికి వస్తున్నాడని అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను.

నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు. నువ్వు విన్నది ఊరి మాట, నేను కళ్ళారా చూశాను. సంఘపెద్దలు అమ్మను నిలబెట్టి, "జయమ్మా, నీ పెనిమిటి తాగుతాడా?" అని అడిగారు. అమ్మ, "వాసన నేనెరగనయ్యా. లవంగాలు నములుతాడు. ఏం దాయను నములుతాడో నాకేం తెలుసు? నోరు చెప్పకపోయినా కాళ్ళు చెప్తాండాయి గదా" అంది. లవంగాలు గొంతు కోసమని, పాడేవాడికి అది అలవాటని అందరికీ తెలుసు. అయినా ఎవరూ నోరు మెదపలేదు. నాన్న అమ్మ వైపు ఒకసారి చూసి, గోడ పట్టుకుని బయటికి నడిచాడు. ఆ తర్వాత ఐదేళ్ళు బతికాడు. ఆ ఐదేళ్ళూ సాయంత్రం ఇంటికి రాగానే గుమ్మంలో అమ్మ "ఊదు" అనేది. ఊదేవాడు. ఒక్కరోజూ ఎదురు చెప్పలేదు.

అమ్మను తప్పు పట్టలేను. వాళ్ళ నాన్న సారాకు చచ్చాడు. చిన్నప్పట్నుంచీ ఆమె ఎరిగిన తూలుడు నడక అదొక్కటే.

ఇదంతా ఎందుకు రాశానో. నువ్వు క్రిస్మస్‌కు వచ్చేటప్పుడు వెనక బెల్టుండే చెప్పులు తీసుకురా, నా సైజువి. ఈమధ్య చెప్పు కాల్లోంచి జారిపోతోంది. ఎడమది ముందు కొసనే అరిగిపోతోంది. చెప్పులు కుట్టే ఓబళప్ప, "దోవలో రాళ్ళన్నీ తంతా పోతాండావా తల్లీ?" అని ఎగతాళి చేశాడు.

ఆ పురుగులకు తల బాగుంటుందన్నావే, వెనకభాగం పోతున్నట్టు వాటికి తెలుస్తుందా? ఉత్తినే అడిగాను.

అక్క
ప్రిస్కిల్లా

*

బెంగళూరు,
2002 సెప్టెంబరు

అక్కా,

ఈ ఉత్తరం ఒంటరిగా ఉన్నప్పుడు చదువు.

మా ల్యాబులో వారానికోసారి కొత్తగా అచ్చయిన పరిశోధన ఒకటి అందరం కూర్చుని చదువుతాం. ఈ వారం వంతు నాది. విదేశాల్లో ఒక కుటుంబం. తరతరాలుగా ఆ ఇంట్లో కొందరికి నడివయసులో కాళ్ళు బిగుసుకుపోతాయి. అడుగు తీస్తే మోకాళ్ళు ఒకదానికొకటి తగులుతాయి, కాలివేళ్ళు నేలకు రాసుకుంటాయి, మనిషి తూలతాడు. మాట బాగుంటుంది, చేతులు బాగుంటాయి, తెలివి బాగుంటుంది. ఒంట్లో అన్నిటికన్నా పొడుగు నరాలే ముందు దెబ్బతింటాయి కాబట్టి కాళ్ళే పోతాయి. ఎందుకని వెతికితే, వాళ్ళ కైనెసిన్‌లో చిన్న లోపం దొరికింది. నా పురుగుల్లో నేను చెడగొట్టిన కైనెసినే, మనుషుల్లో దాని తోబుట్టువు.

తెర ముందు నిలబడి చదువుతున్నాను. 'మోకాళ్ళు తగులుతాయి' అనే మాట దగ్గర ఆగిపోయాను. మన గుడి నడవ కనబడింది. నాన్న కీర్తన పుస్తకం చంకలో పెట్టుకుని, బల్లల అంచులు పట్టుకుంటూ వస్తున్నాడు. మగవాళ్ళ వైపు నవ్వులు. తర్వాత ఆయన పాడటం మొదలుపెట్టాడు. ఒక్క స్వరం తప్పలేదక్కా, ఎప్పుడైనా తప్పాడా? తాగినవాడి గొంతు అట్లా ఉంటుందా? అంతమంది చెవులతో విన్నారు, కళ్ళతో చూసినదాన్నే నమ్మారు. అందరిదాకా ఎందుకు, తోక ఎగరేసే పురుగుల్ని మైక్రోస్కోపు అద్దంలోంచి ఏళ్ళ తరబడి చూస్తూ నాకే తట్టలేదు. పిల్లలు పెట్టిన ఆ పేరు రోజూ నా చెవిలో పడుతూనే ఉంది.

నరాల డాక్టరుగారొకరిని కలిశాను. నాన్న లేడు కాబట్టి తేల్చి చెప్పలేనన్నాడు. ఇట్లా కాళ్ళు బిగుసుకుపోయే జబ్బుకు కారణాలు చాలా ఉంటాయట, మనది ఈ మోటారుదో వేరేదో తెలియదు. కానీ నేను చెప్పిందంతా విని, "తాగుడు మాత్రం కాదమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాట చాలు. నేను వస్తాను. ఆదివారం గుడిలో నిలబడి అందరి ముందూ చెప్తాను. అమ్మకు చెప్తాను. నాన్నను ఆ ముళ్ళ కంప మూల అట్లా వదిలేస్తే నా చదువు తగలెయ్యనా?

ఇంకొక మాట. నీ చెప్పు ముందు కొసనే ఎందుకు అరుగుతోంది? నాన్న చెప్పులూ అట్లాగే అరిగేవి. పోయిన క్రిస్మస్‌కు నేను వచ్చేసరికి నువ్వు కూర్చుని ఉన్నావు. ఉన్నన్నాళ్ళూ కూర్చునే కూరలు తరిగావు. బస్సు దగ్గరికి రాలేదు, డ్యూటీ ఉందన్నావు. ఆ రోజు నిజంగా డ్యూటీ ఉందా?

రెబెకా

*

రాళ్ళకుంట,
2002 సెప్టెంబరు

రెబెకా,

డ్యూటీ లేదు.

మొదలై చాలాకాలమే అయింది. మొదట మెట్ల దగ్గర, తర్వాత తడి నేల మీద. ఇప్పుడు పొద్దున లేవగానే కాళ్ళు కట్టెల్లా ఉంటాయి, కాసేపు వత్తుకుంటే గానీ మంచం దిగలేను. వార్డు నుంచి ఇంజక్షన్ల గదికి మార్చమని నేనే అడిగాను. అక్కడైతే కూర్చుని చేసే పని. మారెమ్మకు తెలుసు. సూదుల ట్రే తనే అందిస్తుంది, ఏమీ అడగదు. అమ్మకు తెలియదు. ఆమెకు చూపు ఆనదు కదా, నేను ఇంట్లో గోడవారగా నడుస్తాను.

నీ పురుగుల సంగతి చదివిన రోజే నాకు అనుమానం వచ్చింది. అందుకే వాటికి తెలుస్తుందా అని అడిగాను. తెలుస్తుందిలే. నాకు తెలుస్తోంది.

ఇక అమ్మ విషయం. నువ్వు రావద్దు, చెప్పవద్దు. నాన్న పేరు నిలబెట్టాలని నీకుంది, నాకు లేదా? ఆయన వెన్ను ఎక్స్‌రే తీయించింది నేనే. అందులో ఏమీ కనబడకపోతే, "నిప్పు లేనిదే పొగ రాదు" అని పెద్దలు అన్నప్పుడు ఏడ్చింది నేనే. కానీ ఆలోచించు. నాన్న తాగలేదని చెప్తే అమ్మ ఏం చేస్తుంది? ఎవరి కాళ్ళ మీద పడుతుంది? ఆయన లేడు. తాగినవాడితో కాపురం చేశాననే కోపం మీదే ఇన్నాళ్ళూ నిలబడింది. ఆ కోపం లాగేస్తే ఆ ముసలిమనిషికి ఇంకేం మిగులుతుంది? అది చాలదన్నట్టు, ఆ జబ్బే నీ పెద్దకూతురికి వచ్చిందని కూడా చెప్పాలి. గోరుచుట్టు మీద రోకటిపోటు.

చేతులు కాలాయి చెల్లీ. ఇప్పుడు ఆకులు పట్టుకుని ఊరంతా తిప్పొద్దు.

దీనికి మందుందా? ఉంటే నువ్వు మొదటి వరసలోనే రాసి ఉండేదానివి. అందుకే అడగను.

అక్క

*

బెంగళూరు,
2002 అక్టోబరు

అక్కా,

మందు లేదు. బిగుసుకుపోకుండా మాత్రలు, రోజూ వ్యాయామం, అంతే. ఆ వ్యాయామం కాగితం దీంతో పంపుతున్నాను. మానేశావో, మారెమ్మకు నేనే ఉత్తరం రాసి చదివిస్తాను.

ఈ జబ్బు ఉన్నవాళ్ళ పిల్లల్లో ప్రతి ఒక్కరికీ సగం సగం అవకాశం. వస్తే వస్తుంది, లేకపోతే లేదు. నీకు వచ్చింది. నా సంగతి నాకు తెలియదు. మొన్నటిదాకా మెట్లు రెండేసి ఎక్కేదాన్ని, ఇప్పుడు ఒక్కో అడుగూ చూసుకుంటున్నాను.

నిన్న ల్యాబులో ఒకడు "ఆ తాగుబోతుల సీసా ఇటివ్వు" అన్నాడు. ఆ మాట ఇంకొకసారి అంటే చెంప పగలగొడతానని అందరి ముందూ అరిచి, గంజి కాచే గదిలోకి పోయి ఏడ్చాను. రామాంజినప్ప పొయ్యి ఆర్పి పక్కన కూర్చున్నాడు. "ఏమాయె తల్లీ? పురుగుల కోసరం ఏడ్చేటోళ్ళను యాడా చూడలేదు" అన్నాడు. నాన్న కథ మొత్తం చెప్పాను. గరిటె కడిగి పక్కన పెట్టి, "పోయినాయనకి నువ్వు చెప్పేపని లేదమ్మా, తాగలేదని ఆయప్పకి తెలుసు. ఉండే అమ్మ సంగతి మీ అక్కకి ఇడిచిపెట్టు. దగ్గరుండేది ఆమె" అన్నాడు.

విడిచిపెట్టాను. చెప్పను. కానీ ఒప్పుకుని కాదు. నాన్న ఒక్కడే అంత మోశాడు, ఇప్పుడు నువ్వూ ఒక్కదానివే మోస్తున్నావు. నాకది సహించడం లేదు.

రెబెకా

*

రాళ్ళకుంట,
2003 ఫిబ్రవరి

రెబెకా తల్లీ,

అమ్మకు తెలిసిపోయింది. నేను చెప్పలేదు. తనే చదువుకుంది, నా కాళ్ళు చూసి.

నీకు తెలుసుగా, కిందటి నెల ఆమె కళ్ళకు మా ఆసుపత్రిలోనే ఆపరేషన్ చేయించాను. పొరలు తీసేశారు. నేనే దగ్గరుండి చుక్కల మందు వేశాను, బాగా కనబడుతోందని సంబరపడ్డాను. ఆ కళ్ళు ముందుగా నన్నే చూస్తాయని నాకు తట్టలేదు.

సాయంత్రం డ్యూటీ దిగి వస్తున్నాను. అమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తింది. గేటు నుంచి గుమ్మం దాకా పట్టుకోవడానికి ఏమీ లేదు, నీకు తెలుసు. చాట పక్కన పెట్టి లేచి నిలబడింది. ఆమె చూస్తోందని తెలిసేకొద్దీ నా కాళ్ళు ఇంకా మెలిపడ్డాయి. దగ్గరికి వచ్చాక నా ముఖం రెండు చేతులతో పట్టుకుని తన ముఖం దగ్గరికి లాక్కుంది.

"ఊదు" అంది.

ఊదాను. నా నోట్లో ఏముంటుంది, ఆసుపత్రి టీ వాసన తప్ప?

"ఇదే నడక" అంది. మళ్ళీ, "ఇదే నడక గదే ఆయనది."

అక్కడే అరుగు మీద కూర్చోబెట్టి అంతా చెప్పాను. నీ పట్టాలు, హమాలీలు, తోక ఎత్తే పురుగులు, అన్నీ. మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు. అయ్యాక, "ఆయనకి తెలుసునా ఇది?" అంది. లేదమ్మా, ఎవరికీ తెలియదు అన్నాను.

"అయితే నన్ను ఏమనుకొని పోయినాడే?"

ఆ రాత్రి అమ్మ ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని నేను కాచుక్కూర్చున్నాను. నా కాళ్ళు మాత్రం ఒళ్ళో పెట్టుకుని ఆముదం రాస్తూనే ఉంది. వద్దంటే వినలేదు.

మొన్న బల్లారాధన. అయ్యగారు రొట్టె పళ్ళెం తీసుకుని ఆడవాళ్ళ వైపు వచ్చాడు. ఎప్పుడూ ముందు చెయ్యి చాపేది అమ్మే కదా. ఈసారి చేతులు కొంగులో చుట్టుకుని కూర్చుంది. గమనించలేదేమో అనుకుని అయ్యగారు వంగి, "అమ్మా" అన్నాడు.

"నేను నిలిచిపోయినానయ్యా" అంది.

"ఎవరు నిలిపారమ్మా మిమ్మల్ని?"

"నేనే. నా మాట మీద ఆయన్ని ఐదేండ్లు నిలిపినారు ఈడ. అందరికీ వినబడే మాదిరి చెప్తాండా, ఆయన తాగలేదు. నా ఐదేండ్లు కానీ, అప్పుడు పిలువు."

ఆనాటి సంఘపెద్దల్లో ఇద్దరు బతికే ఉన్నారు, తలలు వంచుకున్నారు. అయ్యగారు సాయంత్రం ఇంటికి వచ్చి బతిమాలాడు. ముళ్ళ కంప కొట్టిస్తానన్నాడు, వచ్చే ఆదివారం నాన్న పేరు చెప్పి గంట కొట్టిస్తానన్నాడు. "అది మీరు ఆయనకి చేసుకోవలసింది, చేసుకోండి. మంచిదే. నా దాంట్లోకి మాత్రం రావద్దు" అంది. నీ వయసెంత, ఆయాసం ఎంత, ఐదేళ్ళు ఏం లెక్క అని నేను అరిచాను. "కాకపోతే ఆయన మాదిరే పోతా. ఆ గోడ మూల పెట్టండి" అంది.

గుడిలోంచి వచ్చేటప్పుడు జరిగింది మాత్రం నీకు చెప్పాలి. నేను అలవాటుగా అందరూ పోయేదాకా కూర్చున్నాను. అమ్మ లేచి, "చెయ్యి ఇయ్యి" అంది. జనం కదలకముందే, నడవ మధ్యన, నా చెయ్యి తన భుజం మీద వేసుకుని నడిపించింది. నాన్న ఆ నడవలో బల్లలు పట్టుకుంటూ అన్నేళ్ళు ఒక్కడే నడిచాడు. మెట్ల దగ్గర ఆగి, కొంగు ముడి విప్పి ఒక లవంగం తీసి నా నోట్లో పెట్టింది. ఇంకోటి తను వేసుకుంది. అక్కడే నిలబడి ఇద్దరం నమిలాం. అప్పుడు ఏడ్చింది.

నీ ఎండాకాలం సెలవులకు ఈసారి చెప్పులు తేవద్దు. మంచి చేతికర్ర ఒకటి తీసుకురా, నా ఎత్తుకు సరిపోయేది.

ఇంకొక మాట. నువ్వు వస్తున్నావని చెప్పిన దగ్గర్నుంచీ అమ్మ సాయంత్రాలు చాట కూడా పట్టుకోకుండా గుమ్మంలో నిలబడి గేటు వైపే చూస్తోంది. నువ్వు వచ్చిన రోజున పలకరించదు, ముందు నీ నడక చూస్తుంది. కోపం తెచ్చుకోవద్దు. సంచీలు గేటు దగ్గరే దించేసి, నిదానంగా, నేరుగా నడిచి రా చెల్లీ.

అక్క
ప్రిస్కిల్లా